ఆకుల రంగయ్య

పూల పోటీకి పువ్వు లేని కుండీ పట్టుకొచ్చే మనిషిని నా జన్మలో ఒక్కణ్నే చూశాను. ఆయన ఆళ్లగడ్డ రంగయ్యన్న.

నంద్యాలలో మా కాలనీవాళ్లం ఏటా వినాయక చవితి దాటగానే పూల పోటీ పెడతాం. రంగయ్యన్న తెచ్చేది నల్లమలలో చెట్ల నీడన దొరికిన అడవి డిసెంబరం మొక్క. పేరులోనే ఉంది, ఎప్పుడు పూస్తుందో! అయినా బస్సులో దాన్ని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వస్తాడు. కండక్టరు దానికి అర టికెట్టు కొట్టబోయాడని కూడా అంటారు.

"ఏందన్నా, ఈసారీ ఆకులేనా?"

"మొగ్గేస్తాండాదిమ్మా. తొందరేముంది?"

"యాడుంది మొగ్గ?"

"లోపల."

మా జడ్జీలకు మొహమాటం లేదు. మొదటి పేరు నుంచి చిట్టచివరి పేరు దాకా మైకులో చదివేస్తారు. చివరి పేరు రంగయ్యన్నది. దానికి ముందుది నాది. నా గులాబీ అంటే పురుగులకు ఇష్టం, జడ్జీలకు కాదు. ఒకప్పుడు ఆ చివరి పేరు నాదే. "ఈ కుండీ కుందూ ఏట్లో పారేస్తా, ఇంక ఈ పక్కకు రాను" అని మైకు పక్కనే ముక్కు చీదాను. ఆ ఏడు ఊరికే చూడ్డానికి వచ్చిన రంగయ్యన్న ముందు వరసలో మిక్చరు తింటున్నాడు. మరుసటేడు ఆకులతో దిగాడు.

అప్పట్నుంచి మా అత్తగారి ముందు నాకు ధైర్యం. "నా కిందా ఒకరున్నారు!"

నిరుడు వానలు పోటీని డిసెంబరులోకి నెట్టాయి. ఆళ్లగడ్డలో ఉండే మా ఆడబిడ్డ వినీత ఫోన్ చేసింది. "రంగయ్యన్న చెట్టు సూసినావా వదినా? ఆకు కనపడకుండా పూసుండాది!"

నా గులాబీకున్నది ఒకే పువ్వు. అదీ పోటీనాటి పొద్దున రాలిపోయింది.

"ఈసారి నీ కింద ఎవురుండారే?" అంది అత్తగారు, తీరిగ్గా వక్క నములుతూ.

రంగయ్యన్న బస్సు దిగాడు. కుండీలో చూశాను. ఆకులే!

"పూలేవన్నా?"

"ఇంకా టైముందిమ్మా."

వెనకే ఆయన భార్య కమలాక్షమ్మ దిగింది. జడ నిండా, జడ చాలక కొప్పు చుట్టూ, నీలి డిసెంబరాలు.

"ఇన్నేండ్లలో మూర పూలు కొన్న మొగోడు కాదు. పొద్దున్నే అన్నీ కోసి నా తలకెత్తినాడు. మెడ పట్టేసింది. పిచ్చేమన్నా పట్టిందేమో అడుగమ్మా!"

మైకులో పేర్లు చదివారు. చివర రంగయ్యన్న, ఆయన ముందు నేను. నా పేరుకు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.

"వచ్చే ఏడు కుండీతో రావాల," అన్నాడు వెళ్లబోతూ. "కుందూలో ఏసేవు!"

కమలాక్షమ్మ పక్కున నవ్వి, జడలోంచి ఒక పువ్వు తీసి నా గులాబీ కొమ్మకు గుచ్చింది.

ఎట్టకేలకు నా కుండీ నిండుగా కనిపించింది. జడ్జీలు అప్పటికే వెళ్లిపోయారు.