గాలి తీసే మెషిను, మా పిన్ని ముక్కు

మా పిన్ని నర్సింగ్ కాలేజీ హాస్టల్లో స్టోర్ కీపరు. పొద్దున్నే ఐదింటికి పాల క్యాన్ల మూతలు తీయించి, ఒక్కోదాని మీదికీ వంగి, ఒక్క పీల్పు పీల్చి "ఇది ఉంచు, అది పట్టుకుపో" అనడం ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని. మాంసం వచ్చినా అంతే, చేపలు వచ్చినా అంతే. పాలాయన ఎన్ని ఒట్లు పెట్టుకున్నా వినదు. వంటవాళ్ళు ఆవిడని ఎదురుగా మేడమ్ అనీ, వెనకాల ముక్కుగారు అనీ పిలుస్తారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పైకి చిరాకు పడుతుంది గానీ లోపల పొంగిపోతుంది.

ఇంట్లోనూ ఆవిడదే రాజ్యం. మా రెండు కుటుంబాల్లో ప్యాకెట్ మీద తేదీ చదివిన పాపాన ఎవరూ పోలేదు. గిన్నెలో ఏదైనా అనుమానంగా కనిపిస్తే మా అమ్మ దాన్ని నా చేతికిచ్చి రెండు వీధులు అవతల ఉన్న చెల్లెలి దగ్గరికి తరిమేది. పిన్ని వంగేది, పీల్చేది, "తినండి" అనో "పారబోయండి" అనో తేల్చేసేది. ఎప్పుడు వండారు, ఎక్కడ పెట్టారు అని మాత్రం చచ్చినా అడిగేది కాదు. అలా అడగడం ముక్కు లేనివాళ్ళ పని అని ఆవిడ ఉద్దేశం. ఒక్కమాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఆవిడ ముక్కు చూసుకుని మేమందరం సోమరిపోతులమైపోయాం.

పిన్నికి ఒక్కతే కూతురు. నాకంటే మూడేళ్ళు పెద్దది, నాకు అక్క. దానికి రెండు కిడ్నీలూ పాడైపోతే మా బావ తనది ఒకటి ఇచ్చాడు. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే మనిషి, నాలుగు మాటలు వరసగా మాట్లాడడు, కిడ్నీ ఇచ్చేటప్పుడూ మాట్లాడలేదు. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరమ్మ అందర్నీ నిలబెట్టి చెప్పింది. "కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా మందులిస్తున్నాం. ఆ మందులతో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మీరు తింటే ఒక పూట కడుపునొప్పితో పోయే తిండి, ఈవిడ తింటే మళ్ళీ ఇక్కడికే తీసుకురావాలి. వచ్చిన కిడ్నీ కూడా పోవచ్చు."

పిన్ని అక్కడే బావ రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు నీ ఒంట్లోది కోసిచ్చావు నాయనా. ఇంక దాని తిండి నాది" అంది.

అక్కావాళ్ళ ఇల్లు ఊరికి ఆ చివర. పిన్ని డ్యూటీ తెల్లవారుజామున మొదలవుతుంది. రోజూ వెళ్ళి వండిపెట్టడం కుదరదు కాబట్టి వారానికోసారి వండి, గాలి తీసి సీలు వేసి, ఫ్రీజర్లో పెట్టాలని ఆలోచన చేసింది. మెషిను కొనడానికి నన్ను తోడు రమ్మంది.

కొనడానికి వెళ్ళినట్టు లేదు, తనిఖీకి వెళ్ళినట్టుంది. ఇంటి నుంచి డబ్బాలో చిక్కుడుగింజల కూర, ఎముకలున్న మాంసం ముక్కలు తెచ్చింది. దుకాణంలో బట్టతల సేల్స్‌మన్ మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది చేతిలో ఇమిడిపోయేది. జిప్పున్న సంచీకి చిన్న బెజ్జం ఉంటుంది, దాని మీద ఆనిస్తే గాలి లాగేస్తుంది. రెండోది మూరెడు పొడుగు. సంచీ మూతి అందులో పెట్టి మూత బిగిస్తే గాలి లాగి, వేడి తీగతో మూతి అతికిస్తుంది. మూడోది పెట్టె. సంచీ మొత్తం లోపలే పెట్టాలి. పులుసున్నా ఒలకదు గానీ దాన్ని కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

పిన్ని ఒక బకెట్టుతో నీళ్ళు అడిగింది. సేల్స్‌మన్ నా వైపు చూశాడు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాను. జిప్పు సంచీని నీళ్ళలో ముంచి పిసికితే మూల నుంచి సన్నగా బుడగలు వచ్చాయి.

"ఇది రెండు పూటలకి పనికొస్తుంది బాబూ. నాకు రెండు వారాలు ఆగాలి" అని పక్కన పెట్టేసింది. పెట్టెని చూసి "దీనికి నా వంటగది చాలదు" అంది. ఇక మిగిలింది మూరెడు మెషిను. అందులో కూర సంచీ పెడితే గాలితో పాటు పులుసు కూడా మూతిదాకా పాక్కుంటూ వచ్చి, తడికి సీలు అతుక్కోలేదు.

"తడి కూరైతే ముందు గిన్నెలో గడ్డ కట్టించి, ఆ గడ్డని సంచీలో వెయ్యండమ్మా" అన్నాడు సేల్స్‌మన్. "మూతి లోపల పొడిగా తుడవండి. నాలుగు వేళ్ళ జాగా వదలండి. ఎముకలు సంచీకి గుచ్చుకోకుండా కాగితం చుట్టండి. అన్నిటికంటే ముఖ్యం ఒకటుంది. గాలి లేదు కదా అని బయట పెట్టకండి. ఇది ఫ్రిజ్‌కి తోడే గానీ ఫ్రిజ్‌కి బదులు కాదు. గాలి లేని చోట పెరిగే క్రిములు వేరే ఉంటాయి. అవి చేరినా ఒక్కోసారి వాసన కూడా రాదు."

"వాసన రాదా? ఎంత ముక్కున్నవాళ్ళకైనా?"

"ఎవరికీ రాదమ్మా."

పిన్ని మొహంలో వెలుగొచ్చింది. భయపడాల్సిన మాటకి మొహం వెలగడమేమిటో నాకు అర్థం కాలేదు. రెండు నిమిషాల్లో అర్థమైంది.

ఒక గీతకి బదులు రెండు గీతలు సీలు వేసి చూపించమని పిన్ని పట్టుబట్టింది. సేల్స్‌మన్ మెషినుకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా వరసగా ఏడెనిమిది సంచీలు నొక్కాడు. తీగ వేడెక్కిపోయి ప్లాస్టిక్ మాడింది. గొంతు మండే కంపు. నేను చున్నీ అడ్డం పెట్టుకున్నాను, పక్క కౌంటరులో అమ్మాయి దగ్గుతూ తలుపు తీయడానికి పరిగెత్తింది. పిన్ని ఆ పొగలోనే మొహం పెట్టి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, తాపీగా అడిగింది. "రెండో గీత సరిగ్గా పడిందా బాబూ?"

ఆవిడకి ఆ కంపు తెలియడం లేదు. మెషిను కొన్నాం, సంచీల చుట్ట కొన్నాం, బస్సెక్కాం. సీట్లో కూర్చున్నాక అడిగాను.

"ఎన్నాళ్ళైంది పిన్నీ?"

"ఏది?"

"నా దగ్గర కూడా దాస్తావా?"

కిటికీ వైపు తిరిగి చెప్పింది. "రెండు నెలలు. దాని ఆపరేషనయ్యాక నాకు జ్వరం రాలేదూ? జ్వరం తగ్గింది, వాసన పోయింది. వస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నాడు డాక్టరు."

"మరి హాస్టల్లో?"

"కాస్త అనుమానం వచ్చినా పారబోయిస్తున్నాను. దండగ ఎక్కువైందని మేనేజరు గొణుగుతున్నాడు. గొణగనీ. ఆ పిల్లలకి ఏమీ కానివ్వను."

"అక్కకి చెప్పెయ్యి."

"చెప్తే రేపే దాని అత్తగారు పెట్టె సర్దుకుని దిగుతుంది. మీకెందుకండీ శ్రమ అంటుంది. నేను నా కూతురింటికి చుట్టంలా వెళ్ళి టీ తాగి రావాలి." నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది. "చెప్పనని ఒట్టెయ్యి. మెషిను కొన్నాం కదే. ఇంక పాడయ్యేదే ఉండదు, ముక్కుతో పనే ఉండదు."

ఒట్టు వేశాను. బుద్ధి గడ్డి తిని వేశాను.

మూడు వారాలు సాఫీగానే జరిగింది. పిన్ని కూర చల్లార్చి, గడ్డ కట్టించి, రెండు గీతల సీలు వేసి, ఒక్కో సంచీని నీళ్ళ బకెట్టులో ముంచి పరీక్ష చేసి మరీ పంపేది. అక్కావాళ్ళ ఫ్రీజర్లో అవి అరలో పుస్తకాల్లా నిలబడి ఉండేవి. బావకి పిన్ని చెప్పిందల్లా "ఫ్రీజర్లో పెట్టు నాయనా" అని మాత్రమే. బయటికి తీసినదాన్ని కింద ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలని ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అలాంటివి చెప్పుకునే అలవాటు మా ఇంటా వంటా లేదు. ముక్కుంది కదా!

నాలుగో ఆదివారం మధ్యాహ్నం పిన్నీ నేనూ కొత్త సంచీలు పట్టుకుని వెళ్ళాం. అప్పటికే అక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు చిన్న గిన్నెలో మాత్రలు. అవి ఒంటిగంటకి తిండితో పాటు పడాలి, ఆలస్యం కాకూడదు. గడియారం పది తక్కువ ఒకటి చూపిస్తోంది. బావ పొగలు కక్కుతున్న మాంసం కూర తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అత్తయ్యా, సమయానికి వచ్చారు. ఒక్కసారి చూసి చెప్పండి" అన్నాడు.

ఏదో అనుమానం లేకపోతే చూడమనడు. ఎప్పుడు తీశావు, ఎక్కడ పెట్టావు అని రెండు ముక్కలు అడిగితే అయిపోయేది. నేను పిన్ని వైపే చూస్తున్నాను. ఆవిడ పెదాలు కదిలాయి, మళ్ళీ మూసుకున్నాయి. ఇరవై ఆరేళ్ళుగా అడగని ప్రశ్న ఆ రోజు అడిగితే, ఎందుకడిగిందో కూడా చెప్పాల్సి వస్తుంది. గిన్నె మీదికి వంగింది. ఆవిరి కళ్ళద్దాలకి పట్టింది. ఒక్క పీల్పు పీల్చింది.

"బాగానే ఉంది" అంది.

నేను వంటగదిలోకి చూశాను. కిటికీ పక్కన, గట్టు మీద ఎండ పడుతున్న చోట ఒక పళ్ళెం ఉంది. అందులో కత్తిరించిన సంచీ, చుట్టూ ఎప్పుడో ఆరిపోయిన నీటి మరక. అరవాలనుకున్నాను. అరవలేదు. ఒట్టు అడ్డమొచ్చిందో, అందరి ముందూ పిన్ని పరువు తీయడానికి మనసు రాలేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ క్షణంలో నేను మాట్లాడలేదన్నది మాత్రం నిజం. అది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అక్క చెంచా తీసుకుంది. కూరలో ముంచింది. తినేవాళ్ళు చెంచా వైపు చూస్తారు. అక్క తల్లి వైపు చూసింది. చెంచా మెల్లగా పైకి లేచింది. బావ మంచినీళ్ళు పోస్తున్నాడు. చెంచా గడ్డం దాకా వచ్చింది.

పిన్ని చెయ్యి విసురుగా వచ్చి తగిలింది. చెంచా ఎగిరి గోడకి కొట్టుకుంది, కూర అక్క బట్టల మీద చిందింది.

"తినకు!" అని అరిచింది పిన్ని. బావ వైపు తిరిగింది. "ఎప్పుడు తీశావు నాయనా? ఎక్కడ పెట్టావు?"

ఆ ప్రశ్న ఆవిడ నోట వినడం మా అందరికీ అదే మొదటిసారి. బావ చేతిలో చెంబు బల్ల మీద పెట్టాడు.

"నిన్న మధ్యాహ్నం తీశానత్తయ్యా. గట్టు మీద పెట్టి డ్యూటీకి వెళ్ళాను, మర్చిపోయాను. గాలి లేదు కదా, ఏమీ కాదనుకున్నా. ఎందుకైనా మంచిదని మిమ్మల్ని చూడమన్నా..."

నిన్న మధ్యాహ్నం నుంచి, ఎండలో. పిన్ని కుర్చీలో కూలబడింది.

"నాకు వాసన తెలీదు" అంది. "పూలు తెలీదు, పెంట తెలీదు. మూడు నెలలుగా ఏదీ తెలీదు. ఎవరికీ చెప్పొద్దని దీని చేత కూడా ఒట్టు వేయించుకున్నాను."

అక్క మెల్లగా గిన్నె మీద మూత పెట్టి దూరంగా జరిపింది.

"నాకు తెలుసమ్మా" అంది.

పిన్ని తలెత్తింది.

"మూడు వారాల నుంచి తెలుసు. బొగ్గులా మాడిన కూర సీలు వేసి పంపించి, ఎలా ఉందే అని ఫోన్ చేశావు. ముక్కున్న మా అమ్మ మాడిన కూర గడప దాటనిస్తుందా? నువ్వే చెప్తావని చూస్తున్నాను. ఇవాళ కూడా చెంచా నోట్లో పెట్టుకునేదాన్ని కాదు. నీ నోటి నుంచి వస్తుందేమోనని ఆగాను."

"నీకు మతి పోయిందటే? అలాంటి పరీక్షలా పెట్టేది?" అంటూ పిన్ని లేవబోయింది.

"ముందు బాగానే ఉందన్నావు కదమ్మా."

అక్క గొంతు పెంచలేదు. దెప్పలేదు కూడా. అయినా ఆ మాట పడ్డాక పిన్ని మళ్ళీ లేవలేకపోయింది. "అన్నాను" అంది. అని, అంత పెద్ద మనిషీ చంటిపిల్లలా ఏడ్చింది. నేను ఆవిడ ఏడవగా చూడడం అదే మొదలు. ఆపరేషన్ రోజున కూడా ఏడవలేదు.

ఒంటిగంటయింది. బావ మాట్లాడకుండా వెళ్ళి రెండు గుడ్లు గట్టిగా ఉడకబెట్టి, వేడివేడి అన్నంతో తెచ్చాడు. అక్క నాలుగు ముద్దలు తిని మాత్రలు వేసుకుంది. ఆ నాలుగు ముద్దలూ దిగేదాకా మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం.

పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపు హాస్టల్లో కూడా చెప్పేస్తాను. మీ అత్తగారికి ఫోన్ చెయ్యి. రమ్మను. ఇంక నా చేతి వంట నీకొద్దు."

"బావుంది వరస!" అంది అక్క. చివరికి గొంతు పెరిగింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. "మూడు వారాలు నువ్వు బాధపడతావని మాడిన కూర తిన్నాను. ఇప్పుడు నేను పక్కన కూర్చుని మాడుతోంది దించమ్మా అని చెప్పే రోజొస్తే, వంట మానేస్తానంటావా? వచ్చే ఆదివారం ఇక్కడికే వచ్చి వండు. చెప్పడానికి నా ముక్కుంది. తేదీలు రాయడానికి ఆయన చేతులున్నాయి."

పిన్ని కూతురి బట్టల మీద చిందిన కూర తడిగుడ్డతో తుడవసాగింది. తలెత్తకుండానే చిన్న గొంతుతో అడిగింది. "మరి కారం? అది కూడా తేడాగా పడుతోందా?"

"కారం నా చిన్నప్పటి నుంచీ తేడాగానే వేస్తున్నావమ్మా" అంది అక్క.