విలన్‌కు అభిమాని మా ఖాసిం

నిన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. తాండూరు నుండి ఫోన్. ఖాసిం కొడుకు.

"సార్, మా అబ్బా పోయిండు."

కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మొన్న సాయంత్రమే మాట్లాడాడు కదా!

ఉదయం నుండి మన వాట్సాప్ గ్రూపులో అందరూ మూడు ఇంగ్లీషు అక్షరాలు పెట్టి ఊరుకొంటున్నారు. నాకు అది చాలదు. పూర్తి వాక్యాలలో రాస్తాను, ఓపికతో చదవండి.

మీలో చాలామందికి అతడు బండల పాలిష్ ఖాసింగానే తెలుసు. నాకు తాండూరు హైస్కూలులో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు. నేను వికారాబాదులో టీచరుగా స్థిరపడ్డాక, ఇంటింటికీ టీవీ వచ్చాక, సీరియల్ అయిపోగానే ఫోన్ చేసేవాడు.

"సారూ, చూసినవా? విలన్ ఒక్కటి కొడితే మూడు దిక్కులకెల్లి చూపిచ్చిండ్రు. కెమెరా ఉరికింది గాని మనిషి కదల్లే! గదొక యాక్టింగా?"

హీరోలంటే అతనికి చులకన.

"హీరోకేంది, ఊకె నిలబడ్డా చప్పట్లే. తిట్లు తినుకుంట మెప్పిచ్చుడు విలన్‌కే చాతనైతది."

అతని ఎడమ కన్ను ఎలా పోయిందని అడిగినవాళ్ళకు "క్వారీల రాయి తాకింది" అని చెప్పేవాడు. అది నిజం కాదు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

పంతొమ్మిది వందల అరవైలలో ఒక ఎండాకాలం. కోస్తా నుండి వచ్చిన నాటకాల కంపెనీ ఒకటి తాండూరు మార్కెటు దగ్గర రేకుల షెడ్డు వేసి ఆడుతోంది. అందులోని విలన్‌కు ఖాసిం వీరాభిమాని. ఆదివారం పగటి ఆటకు నన్నూ లాక్కెళ్ళాడు.

విలన్‌ది దొర వేషం. తలపాగా, కొరడా, వేలికి పెద్ద ఉంగరం. కౌలురైతు భార్యను నడివీధిలో చెంపదెబ్బ కొట్టే ఘట్టం వచ్చింది. చెయ్యి ఇలా లేచిందో లేదో, ఆమె గిర్రున తిరిగి కూలింది.

దెబ్బ తాకనే లేదు. తాకలేదని షెడ్డులో ఎవరికీ తెలియలేదు.

ఆ రోజులలో మంచి పద్యం పాడితే జనం "వన్స్‌మోర్" అని అరిచేవారు. అరిస్తే మళ్ళీ పాడి తీరాలి, లేకపోతే ఆట సాగనివ్వరు. పద్యానికి అనడమే నేనెరుగుదును. ఖాసిం బెంచీ ఎక్కి నిలబడి, దెబ్బకు అన్నాడు.

"వన్స్‌మోర్!"

పక్కవాళ్ళు నవ్వి అందుకొన్నారు. కాసేపటికి షెడ్డంతా అదే అరుపు.

నటుడు వెనకాడాడు. ఆమె లేచి చీర సర్దుకొని, కానివ్వమన్నట్టు తల ఊపింది. అయితే ఈసారి కొంచెం దగ్గరగా నిలబడింది.

ఉంగరం తగిలి పెదవి చీలింది. నెత్తురు ధార కట్టింది.

నవ్వులు ఆగిపోయాయి. నిజమైన దొరల చేత తన్నులు తిన్నవాళ్ళు ఆ షెడ్డులో చాలామందే ఉన్నారు. ముందు వరుసలోని ముసలాయన ఒకడు లేచాడు.

"ఏమిరా దొరా, ఇంక కొడ్తనే ఉంటవా? పట్టుండ్రి గానిని!"

స్టేజీ నిండిపోయింది. బెంచీల కాళ్ళ కింద ఊతంగా పెట్టిన బండముక్కలు చేతుల్లోకి వచ్చాయి. నటుడి తలపాగానే ఆయన మెడకు చుట్టి బిగించారు. ఆయన కొరడాతోనే ఆయన్ను కొట్టారు. మోకాలిచిప్ప పగిలిన చప్పుడు నాకు వినిపించింది.

ఆమె అడ్డంపడి మొత్తుకొంది.

"కొట్టకండి బాబూ! ఆయన నా మొగుడండీ!"

నిజంగానే మొగుడు. కాని జనం అంతసేపూ చూసిన మొగుడు కౌలురైతు వేషంలో ఉన్నవాడు. ఎవరూ నమ్మలేదు.

"పాపం, భయంతోని అంటున్నది. ఇంకో రెండు ఎయ్యుండ్రిరా!" అన్నాడొకడు.

ఖాసిం స్టేజీ మీదికి దూకాడు.

"అరే భాయ్, కొట్టుమన్నది నేను! నన్ను కొట్టుండ్రి!"

ఎవరూ వినలేదు. అప్పుడు చెయ్యి చేసుకొన్నాడు. ఒకడి ముక్కు పగిలింది, ఇంకొకడి మణికట్టు విరిగింది. అయినా ఆగకపోయేసరికి ఆయన మీద బోర్లా పడుకొన్నాడు. ఆయన కోసం విసిరిన బండముక్క ఖాసిం కంటి మీద పడింది.

నేనూ, హార్మోనియం వాయించే ఆయనా కలిసి తెర తాళ్ళు తెంపాము. తెర గుంపు మీద కూలింది. వాళ్ళు దానిలో గింజుకొంటుండగా ఇద్దరినీ ఈడ్చుకొని, బండి మీద దవాఖానాకు చేర్చాము.

పక్కపక్క మంచాలు. ఇద్దరూ బతికారు.

మర్నాడు ఆమె కుట్లు వేసిన పెదవితో ఖాసిం దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించింది.

"మా ఆయన ప్రాణం నిలబెట్టావు బాబూ."

ఊరుకొని ఉంటే ఆమె దృష్టిలో దేవుడుగానే మిగిలిపోయేవాడు. ఊరుకోలేదు. మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అమ్మా, ముందుగాల వన్స్‌మోర్ అని ఒర్రింది నేనే."

ఆమె జోడించిన చేతులు విడదీసింది. తరువాత లాగి చెంప మీద కొట్టింది. వార్డంతా ఇటు తిరిగింది.

కొట్టిన చేతితోనే అతని గడ్డం పట్టుకొని, కంటికట్టు కదిలిందేమో చూసింది. మొగుడి మంచం దగ్గరి గ్లాసు తెచ్చి నీళ్ళు తాగించింది.

మొన్న సాయంత్రం ఫోనులో నేనే అడిగాను.

"ఇన్నేండ్లు ఇన్ని చూసినవు. వాళ్ళందరిలో నీ ఫేవరెట్ యాక్టరెవరురా?"

ఆ విలన్ పేరే చెబుతాడనుకొన్నాను.

"గామెనే సారూ. దవాఖానల నన్ను కొట్టినామె."

"అది యాక్టింగ్ కాదు కదరా!"

"గందుకే గద! ఆమె కొట్టకుండ పోయుంటే నేను ఏనాడు నిమ్మలంగ పండకపోదును."

ఖాసిం, ఇక ఎవరి చెయ్యీ ఎవరి మీదా లేవని చోట ఉన్నావని నమ్ముతాను. అక్కడ నువ్వు చల్లగా ఉండాలి, నేస్తమా. వెళ్ళిరా.