విషం ఒక్క గిన్నెలోనే

కెనడాలో ఊరూరా మన విద్యార్థులు నిండిపోయిన రోజులవి. గ్వెల్ఫ్ నుంచి అక్కడి లండన్ ఊరికి వెళ్లే బస్సులో నా పక్క సీటు అమ్మాయి ఫోన్లో పాత నలుపు తెలుపు హాలీవుడ్ సినిమా చూస్తోంది. నేను తెలుగువాణ్ణని తెలియగానే సాయం అడిగింది.

"ఈ కామెడీ సీన్ ఇవాళ క్లాసులో యాక్ట్ చేయాలి అంకుల్. రూమ్మేట్స్ ఒక్కరూ నవ్వలేదు. ఇది పోతే కోర్సు ఫెయిలే. మీ మీద ట్రై చేస్తా."

ఆ సీన్‌లో, విందులో ఏదో ఒక గిన్నెలో విషం కలిసింది. డాక్టరుతో సహా అతిథులెవరూ ఏదీ ముట్టుకోవడం లేదు. ఆమె అన్ని గొంతులూ తానే అయి తెలుగులో చెబుతోంది. సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి, ఎవరు ఏ గిన్నెకు దూరం జరిగారో గమనించి ధీమాగా తేల్చేశాను.

"డాక్టరే హంతకుడు."

"అది ఎవరడిగారంకుల్!" అని, ఇంటావిడలా గరిటె ఎత్తినట్టు చేయి ఎత్తి నా మీదికి వంగింది. "మొహమాటపడకండి అన్నయ్యగారూ, విషం ఒక్క గిన్నెలోనేగా, మిగతావి తినండి!"

బస్సంతా తిరిగి చూసేలా నవ్వాను.

"ఇంగ్లీషులో ఎలా చెబుతావమ్మా?"

"మాటలు ఇంగ్లీషే అంకుల్. వడ్డన మాత్రం మనది."

లండన్‌లో దర్జాగా దిగి వెళ్లింది. హంతకుడు డాక్టరో కాదో నేను అడగలేదు. ఇప్పటికీ తెలుసుకోలేదు.