చెరువు గట్టు మీద కేకులు

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలం అనుకోకండి. చేతిలో ఫోనూ, ఫోనులో ఇంటర్నెట్టూ ఉంటే చాలు, ఎవరి వ్యాపారాన్నయినా నిలబెట్టేయొచ్చని నా ఈడు వాళ్ళమంతా గట్టిగా నమ్మిన రోజులు. డిగ్రీ అయిపోయాక చల్లపల్లిలో మా ఇంట్లోనే కూర్చుని డిజిటల్ మార్కెటింగ్ కోర్సు ఒకటి పూర్తి చేశాను. నాన్న ఆ సర్టిఫికెట్టుకి లామినేషన్ చేయించి, హాల్లో బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన తగిలించారు. ఇక నా కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు. నిలబెట్టడానికి ఒక వ్యాపారం కావాల్సి వచ్చింది. మా మేనత్త దొరికింది.

అత్తయ్యా మావయ్యా ముదినేపల్లిలో ఇంటి ముందు రేకుల షెడ్డులో కేకులు చేసి అమ్మేవారు. పిండి గిలక్కొట్టడం మావయ్య, కాల్చడం అత్తయ్య. ఆ ఏడు మావయ్యకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. సరిగ్గా అప్పుడే గుడివాడలో అద్దాల తలుపులూ, ఏసీ చల్లదనమూ ఉన్న బేకరీ ఒకటి తెరిచారు. ఊళ్ళోవాళ్ళు కూడా పుట్టినరోజు కేకు కోసం బస్సెక్కడం మొదలెట్టారు. "ఈ క్రిస్మస్ ఒక్కటీ చూసి షెడ్డుకి తాళం వేసేద్దామనుకుంటున్నామే" అని అత్తయ్య ఫోన్లో అంది, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. చిన్నప్పుడు నా ప్రతి పుట్టినరోజుకీ ఆ షెడ్డులోంచే కేకు వచ్చేది. "నువ్వేం బెంగపెట్టుకోకు అత్తయ్యా, నేనొస్తున్నాను" అని బట్టలు సర్దుకున్నాను.

బస్సులోనే పని మొదలుపెట్టాను. గుడివాడ దాటాక చేపల చెరువుల మధ్య బస్సు దేనికో ఆగింది. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. మ్యాపులో దుకాణం పెట్టబోతే "మీరు ఇప్పుడు మీ దుకాణంలోనే ఉన్నారా?" అని ఫోను అడిగింది. ఇంకాసేపట్లో ఉంటాను కదా అని 'అవును' నొక్కేశాను. (జీవితంలో కొన్ని 'అవును'లు పెళ్ళిళ్ళకి దారి తీస్తాయి. నాది చేపల చెరువుకి దారి తీసింది.)

తర్వాత పేరు. షెడ్డుకి అసలు పేరే లేదు. కోర్సులో చెప్పిన ప్రకారం పేరు నోట్లో కరిగిపోవాలి. 'ది వెల్వెట్ ఓవెన్' అని పెట్టి, మెరూన్ రంగు బోర్డు రాయించాను. అత్తయ్య దాన్ని చాలాసేపు చూసింది. "ఓవెన్ అంటే మన పొయ్యేగా? వెల్వెట్ పొయ్యి ఏమిటే, అంటుకోదూ?" అంది. "అది బ్రాండింగ్ అత్తయ్యా" అన్నాను. బోర్డు కింద 'ప్రతి ముక్కలో ఒక ప్రయాణం' అని కూడా రాయిస్తే, "ఏ ఊరికమ్మా?" అని మావయ్య మంచం మీంచి నిజంగానే అడిగారు. బోర్డు చూసి లోపలికొచ్చిన మొదటి ఆవిడ జాకెట్టుముక్క కావాలంది. రెండో ఆవిడా జాకెట్టుముక్కే.

అయినా నేను ఆగలేదు. కేకుల ఫొటోలు, మావయ్య ఎడంచేత్తో జీడిపప్పు అద్దుతున్న వీడియో, అన్నీ మ్యాపు లింకుతో సహా నెట్‌లో పెట్టాను. ఆ వీడియో ఎలా తిరిగిందో తిరిగింది. చర్చి గ్రూపుల్లోకి వెళ్ళింది, గుడివాడ వెళ్ళింది, కైకలూరు వెళ్ళింది. క్రిస్మస్ ముందురోజు వచ్చి పట్టుకెళ్తామని ఆర్డర్లు మొదలయ్యాయి. అత్తయ్య మా చిన్నత్తయ్యలిద్దరినీ సాయానికి పిలిపించింది. ఇల్లంతా వెనిల్లా వాసన.

క్రిస్మస్ ముందురోజు పొద్దున్నించీ కేకులన్నీ వరసగా సర్దుకుని కూర్చున్నాం. ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నం దాటింది. "ఊరికే ఫోన్లు చేసుంటారులేవే" అని అత్తయ్య నన్ను ఓదార్చబోయింది. ఓదార్చాల్సింది నేను కదా, ఆవిడని! ఆ ఆలోచనకే నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఫోను మోగింది. మాట్లాడింది ఎవరో పెద్దాయన.

"అమ్మాయ్, కేకులవాళ్ళేనా? నా చెరువు దగ్గర నేను కేకులు అమ్ముతున్నానంట కదా, నాకే తెలీకుండా!"

"ఏ చెరువండీ?"

"చేపల చెరువమ్మా. పొద్దున్నించీ జనం బళ్ళేసుకుని గట్టెక్కేస్తున్నారు. కుక్క మొరిగి మొరిగి సొమ్మసిల్లింది. మీ దగ్గర సిగ్నల్ లేదేమో, నీ నంబరు ఎంతకీ కలవట్లేదంట. వాళ్ళ దగ్గర తీసుకుని చేస్తే నాకిప్పటికి తగిలింది. ఇందాక ఒకాయన నా చేపల మేత బస్తాలు వాసన చూసి, 'ఇందులో ప్లమ్ కేకు ఏదండీ' అన్నాడు."

అప్పుడు వెలిగింది నాకు, బస్సులో నొక్కిన ఆ 'అవును' సంగతి. ఫోను పట్టుకునే అత్తయ్యకి చెప్పాను, మాటలు సగం మింగేస్తూ. నాకు తిట్లు తప్పవనుకున్నాను. అత్తయ్య కొంగు నడుముకి దోపింది. "పాపం అంతమంది అక్కడ నించున్నారా? పద, మనమే వెళ్దాం" అంది. ట్రాలీ ఆటో పిలిచాం. మావయ్య తనూ వస్తానని పట్టుబట్టి, పెద్ద కేకుని ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో కావిలించుకుని కూర్చున్నారు.

మేం వెళ్ళేసరికి గట్టు మీద తిరునాళ్ళలా ఉంది. చెరువాయన మేత బస్తాల మీద ఉతికిన దుప్పటి పరిచి బల్ల తయారుచేశారు. వాళ్ళావిడ అందరికీ టీలు పోస్తోంది. తిట్టుకుంటూ ఉంటారనుకున్న జనం, తెల్లకొంగల్ని వెనకాల పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. "ఐడియా భలే ఉందండీ, చెరువు దగ్గర కేకులు!" అంది గుడివాడ నించి వచ్చిన ఒకావిడ. నేను గంభీరంగా తలూపాను.

సండేస్కూలు పిల్లల కోసం కేకులు చెప్పిన పాస్టరు గారు, వచ్చాం కదా అని అక్కడే ప్రార్థన చేశారు. కేకుల్ని, చేసిన చేతుల్ని, చెయ్యలేకపోతున్న చేతిని కూడా దీవించమన్నారు. మావయ్య కళ్ళు తుడుచుకున్నారు. చెరువాయన చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడ్డారు. ఆమెన్ అనబోతుంటే, "మబ్బు పట్టిందండీ పాస్టరు గారూ, ఆక్సిజన్ గురించి కూడా ఒక్క మాట చెప్పండి" అన్నారు. (మబ్బేస్తే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చి తేలిపోతాయని ఆయన నిత్యభయం.) పాస్టరు గారు ఏమాత్రం నవ్వకుండా మళ్ళీ కళ్ళు మూసుకుని చేపల కోసమూ ప్రార్థించారు.

పొద్దుగుంకేలోపు ఒక్క కేకు మిగల్లేదు. చెరువాయనకి ఇద్దామన్నా మిగల్లేదు. అత్తయ్య మర్నాడు ప్రత్యేకంగా ఒకటి చేసి పంపింది. జనం పెట్టిన ఫొటోల పుణ్యమా అని కొత్తసంవత్సరానికి, మ్యాపు సరిచేశాక, షెడ్డుకే ఇంకా ఎక్కువమంది వచ్చారు. షెడ్డుకి తాళం పడలేదు. నా వెల్వెట్ బోర్డు మాత్రం దిగిపోయింది. జనమే 'చెరువు కేకులు' అని పిలవడం మొదలుపెట్టాక మా చేతుల్లో ఏముంది?

ఇప్పుడు విజయవాడలో నాకంటూ చిన్న ఆఫీసు ఉంది. చిన్న చిన్న దుకాణాలకి ప్రచారం చేసిపెడుతుంటాను. ఈమధ్య ముదినేపల్లి వెళ్ళినప్పుడు, ఎవరో కుర్రజంట అత్తయ్యని అడిగారు, మీకు ఈ పబ్లిసిటీ అంతా ఎవరు చేశారండీ అని. "మా మేనకోడలండీ. దానికి అన్నీ తెలుసు" అంది అత్తయ్య. వెటకారమేమోనని మొహంలోకి చూశాను. లేదు. నిజంగానే అంటోంది.

ఏమీ తెలియకుండానే అన్నీ తెలుసనుకుని ముదినేపల్లి బస్సెక్కిన ఆ అమ్మాయి అప్పుడప్పుడూ గుర్తొస్తుంటుంది. నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఎంత అదృష్టవంతురాలో పాపం, ఆ సంగతి కూడా దానికి తెలియదు.