కాలరక్క

ఆ వీధిలో అందరూ ఆమెను కాలరక్క అనేవారు. మిషను మీద కాలరు మూల తిప్పేటప్పుడు సూదిని గుడ్డలోనే దించి ఉంచి, ఒక్క కుట్టు వెనక్కి వేసి ముందుకు పోయేది. ఎన్ని ఉతుకులకైనా ఆ మూల చెక్కుచెదరదు. వీధిలోని ఆడవాళ్ళలో సగంమందికి కుట్టు నేర్పింది ఆమే.

యుద్ధం వచ్చాక సర్కారు కాంట్రాక్టరు సిపాయిల చొక్కాలు వాళ్ళచేత కుట్టించసాగాడు. గుడ్డ కత్తిరించే మగవాళ్ళకు నెలజీతం. కుట్టే ఆడవాళ్ళకు చొక్కా లెక్కన కూలి, దారం ఖర్చు వాళ్ళదే. ఆ కూలి కూడా సగానికి తగ్గించేసరికి, పాత కూలి ఇచ్చేదాకా ఎవరూ గుడ్డ ముట్టకూడదనుకున్నారు. ఆ మాట ముందుగా అన్నది కాలరక్కే.

"బావగారూ ఆ సిపాయిల్లోనే ఉన్నారు కదక్కా, ఆయనకైనా ఒకటి కుట్టవా?" అని తోడికోడలు ఆటపట్టించింది.

"ఆయనకైతే బొత్తాలు లేకుండా కుడతా. అప్పుడైనా ఇల్లు గుర్తొస్తుంది."

అందరూ నవ్వారు.

కొన్నాళ్ళకు అద్దె అందని ఇంటి యజమాని వచ్చి, కొత్త తాళంకప్ప ఒకటి ఆమె గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు వీధి కునుకు తీసే వేళ ఆమె కాంట్రాక్టరు గోదాము పెరటి దారిన ఒక గుడ్డల మూట తెచ్చుకుంది. చప్పుడు బయటికి పోకుండా మిషను కింద దుప్పటి మడిచి వేసింది. తన పనని తెలియకుండా వంకరగా కుట్టాలనుకుంది. చేయి మాట వినలేదు.

ఆమె కుట్టి ఇచ్చిన చొక్కాలను గుమాస్తా గోదాము గేటు దగ్గర ఆడవాళ్ళ ముందు పరిచాడు.

"మీలో ఒకావిడకు ఈ కూలి సరిపోయింది. మిగతావాళ్ళకేం నొప్పి?"

తోడికోడలు ఒక చొక్కా తీసి కాలరు మూల వేలితో తడిమింది.

"ఇది మావాళ్ళ పని కాదండీ. ఎవరో కుట్టు రాని మనిషి. మూల చూడండి, ఎలా ఏడ్చిందో. అవునా అక్కా?"

కాలరక్క చొక్కా అందుకుంది. మూల గీత గీసినట్టుంది.

"అవును," అంది. "కుట్టు రాని మనిషే."

"ఎవరైతే నాకేం? కావలసినవాళ్ళు ఎత్తుకోండి," అన్నాడు గుమాస్తా.

ఒకరి తర్వాత ఒకరు ఆ సగం కూలికే మూటలు ఎత్తుకున్నారు.

సాయంత్రం పక్కింటావిడ దారం బదులుకు వచ్చింది. రోజూ "అక్కా" అంటూ తిన్నగా లోపలికొచ్చి దారాల డబ్బా తెరిచే మనిషి, గుమ్మం బయటే నిలబడి, "ఏమండీ," అని పిలిచింది.