ముక్కులో పడని ఆముదం

మా అమ్మ పసిపిల్లకు నీళ్లు పోస్తుంటే చూడ్డానికి దారినపోయే రైలు కూడా నిదానించేదని నేనంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. సగం వాడ ఆగేదన్నది మాత్రం నిజం. బండ మీద కూర్చుని రెండు కాళ్లూ చాపి, పిల్లను వాటి మీద పడుకోబెట్టేది. పక్కన గంగాళంలో పొగలు కక్కే నీళ్లు, ఒక ఏనుగును ఉడకబెట్టడానికి సరిపోయేన్ని. శనగపిండి నలుగు, చెంబు వెంట చెంబు, ఆఖరున ముక్కులో ఆముదం చుక్కలు. ఆ చుక్కలు పడకపోతే స్నానం చెల్లదని అమ్మ చట్టం.

రజాకార్లు పోయి మిలిటరీ వచ్చిన రోజులవి. స్టేషన్ ఘన్‌పూర్ రైలు కూత వినపడేంత దూరంలో మా ఊరు. కమ్యూనిస్టుల దళానికి అన్నం పెట్టారన్న అనుమానంతో మగవాళ్లను లారీలో ఎక్కించుకుపోయేవాళ్లు. అందుకని లారీ చప్పుడైతే చాలు, ఊళ్లో మీసమున్న ప్రతివాడూ మాయమయ్యేవాడు.

ఒక పొద్దున మా నెలల బిడ్డకు స్నానం జరుగుతుండగా లారీ మా వాడలోకే వచ్చింది. నేను వడ్ల గుమ్మిలోకి దూకాను. దూకిన వేగానికి ఎలుకలు వలస పోయాయి. అమ్మ అటు తిరిగి చూసింది. చేతిలోని చెంబు వంగి, నీళ్లన్నీ బిడ్డ ముఖం మీద ధారగా పడ్డాయి.

బిడ్డ గుక్క తిప్పుకోలేదు. పెదవులు నల్లబడ్డాయి. నా భార్య పరుగున వచ్చి, బిడ్డను బోర్లా వంచి వీపు తట్టింది. అప్పుడు దగ్గు, ఆ తర్వాత ఏడుపు. ఇంతకూ ఆ లారీ వచ్చింది ఇంజను వేడెక్కి, నీళ్లు అడగడానికట!

పొద్దెక్కినా దగ్గు ఆగలేదు. బిడ్డ ఛాతీలో గురగుర. అంతకు ముందటి చలికాలమే మా వాడలో ఒక పసివాడు నిమ్ము చేసి పోయాడు. నా భార్యే బిడ్డను గొంగడిలో చుట్టి లేచింది.

"జనగామ దవాఖానకు పోదాం. నువ్వొస్తవా, గుమ్మిలనే ఉంటవా?"

అమ్మ కూడా వెంట వచ్చింది. స్టేషన్లో ఒక జవాను తుపాకీ మడమతో గొంగడి మూటను కదిపాడు. అందులో దళానికి బియ్యమున్నాయని అనుమానం. మూట దగ్గింది. ఆ జవాను ఎంత బెదిరాడంటే, తానే రైలు డబ్బాలోకెక్కి మాకు చోటు ఖాళీ చేయించాడు.

దవాఖానలో డాక్టరు సన్నగా ఉన్నాడు. ఎంత సన్నగా అంటే, మెడలోని గొట్టమే ఆయన్ను నిలబెట్టిందనిపించేది. బిడ్డ వీపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. ఆలోగా నా తల సగం నెరిసింది.

"నీళ్లు ఏ బావియమ్మా?" అని, జరిగిందంతా విన్నాక అమ్మనడిగాడు.

"మంచినీళ్ల బావివే డాక్టర్ సాబ్. కాగబెట్టినయే పోసిన."

"నయం. మురికినీళ్లు లోపలికి పోతే నిమ్ము పట్టొచ్చు. అది ఎంబడే కనపడది." ఆయన బిడ్డ ముఖం దగ్గరికి వంగి వాసన చూశాడు. "ఆముదం వాసనొస్తుంది. ముక్కుల పోసిన్రా?"

"రోజూ పోస్త. నా చేతుల మీద పెరిగినోళ్లందరికీ పోసిన. ఒక్కరికన్న ఏమన్నయ్యిందా?"

"కాలేదంటే అది వాళ్ల నసీబు, అవ్వా. నీళ్లు జర పోతే దగ్గుతోటి బయటికొస్తయి. నూనె గట్ల గాదు. సప్పుడు లేకుంట జారి, ఊపిరితిత్తులల్లనే కూసుంటది. సరే, ఇయాల పోసినవా, లేదా?"

మా ఇద్దరి ప్రాణాలూ అమ్మ నోటి దగ్గర ఆగాయి.

"ఏడ పోసిన!" అంది అమ్మ రోషంగా. "లారీ సప్పుడుకు లేవబోతే నా కాలే గిన్నెను తన్నింది. అంత మంచి ఆముదం బండ పాలైంది. బండ తుడిసిన, గా వాసన నా చేతులది."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. ఆయన్ను చూసి నేనూ నవ్వాను. నా భార్య మాత్రం మూలకు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సాయంత్రం దాకా మమ్మల్ని అరుగు మీదే కూర్చోబెట్టాడు. బిడ్డ పాలు తాగింది. గురగుర తగ్గింది. ఆయన మళ్లీ గొట్టం పెట్టి విని, "ఊపిరి సాఫుగుంది, పోండ్రి. జ్వరమొచ్చినా, పాలు తాగకున్నా, డొక్కలెగిరినా ఆగకుంట తీస్కరండ్రి. ముఖం మీద ధార పొయ్యొద్దు, ముక్కుల ఏదీ పొయ్యొద్దు," అన్నాడు.

అమ్మ రైలెక్కేదాకా గొణిగింది. "గడ్డం సుత సరింగ రాని పోరడు నాకు నీళ్లు పోసుడు నేర్పుతుండు." మర్నాడు మాత్రం అరచేతిని బిడ్డ నుదుటికి చూరులా అడ్డం పెట్టి, నీళ్లు వెనక్కి జారేట్టు పోసింది. ముక్కు దాకా వచ్చిన వేలు దానంతటదే ఆగిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లు నా భార్య అన్నం వండుతూ కూడా వచ్చి బిడ్డ వీపుకు చెవి ఆనించి పోయేది. జ్వరం రాలేదు. డొక్కలెగరలేదు. ఒక మధ్యాహ్నం అలాగే చెవి ఆనించి, వింటూ వింటూ అక్కడే నిద్రపోయింది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా నేను లేపలేదు. ఆ మాడిన పప్పును ముగ్గురం కడుపునిండా తిన్నాం.