వేడెక్కిన కంప్యూటర్లో ఒక పెళ్లి

అందరూ పాత క్యాసెట్లను డీవీడీలుగా మార్పించుకుంటున్న రోజులవి. చింతామణిలో మాకు పెళ్లి వీడియోల స్టూడియో ఉండేది. కెమెరా పని మా ఆయనది, కంప్యూటరు పని నాది.

ఒక ఎండాకాలం ఉదయం మిట్టేమరి నుంచి ఒక రైతు, ఎదిగిన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. తెచ్చింది తన పెళ్లి క్యాసెట్టే. భార్య ఈ పిల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడే పోయిందట.

"మా పాప వాళ్లమ్మ మొగం ఫోటోలో చూసిండేదేనమ్మా" అన్నాడు.

టేపుకు బూజు పట్టి ఉంది. తుడిచి వీసీఆర్‌లో పెట్టాను. పెళ్లంతా కంప్యూటర్లోకి ఎక్కింది. వెనక్కి తిప్పుతుంటే టేపు పుటుక్కున తెగి, నలిగి, లోపల చుట్టుకుపోయింది. ఇక ఆ పెళ్లి మిగిలింది మా కంప్యూటర్లో మాత్రమే.

మాది పాత ప్రాసెసర్. వీడియోను డీవీడీకి సరిపడేలా కుదించడం దానికి పెద్ద చాకిరీ. ముందు కొంచెం వేగంగా చేసి చూపించాను.

"అక్కా, మా అమ్మ మొగమంతా గళ్లు గళ్లుగా ఉండాది" అంది ఆ అమ్మాయి.

"నిదానంగా చేస్తే బాగొస్తాది. సాయంత్రం దాకా పడతాదప్పా" అన్నాను తండ్రితో.

"కూసోనుంటాం లేమ్మా."

నిదానంగా చేయాలంటే కంప్యూటరు వీడియోనంతా ఒకసారి చూసుకుని, రెండోసారి కుదించాలి. ప్రాసెసర్‌కు క్షణం విరామం ఉండదు. మధ్యాహ్నానికి తెర ఉన్నట్టుండి నల్లబడింది. మీట నొక్కాను. వెలిగినట్టే వెలిగి మళ్లీ ఆరిపోయింది. మా ఆయన బాగేపల్లిలో పెళ్లికి వెళ్లాడు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదప్పా, వేడెక్కింది."

కంప్యూటరు పక్క రేకు విప్పాను. ప్రాసెసర్ మీది ఫ్యాను దుమ్ముతో బిగుసుకుపోయి ఉంది. బ్రష్షుతో దులిపాను. ఆ అమ్మాయి నా భుజం మీదుగా తొంగిచూసింది.

"మా అమ్మ దాంట్లోనే ఉండాదా అక్కా?"

"ఉండాది" అన్నాను. ఉందో లేదో నాకే తెలియదు.

చల్లారాక మీట నొక్కితే ఫ్యాను తిరిగింది. ఫైలు ఉంది. ముందు దాన్ని ఇంకో డిస్కులోకి కాపీ చేసి, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకున్నాను. రేకు మూయకుండా, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి, పని మళ్లీ మొదటినుంచి పెట్టాను. మేం ముగ్గురం చెమటలో తడుస్తూ కూర్చున్నాం. ఫ్యాను చప్పుడు కొంచెం మారినా ఉలిక్కిపడుతున్నాను.

పొద్దుగూకే వేళకు పూర్తయింది. డీవీడీకి ఎక్కించి టీవీలో పెట్టాను. పెళ్లికూతురు జారుతున్న బాసికాన్ని పైకి నెట్టుకుంటూ ఎవరినో చూసి నవ్వింది. ముఖం మీద ఒక్క గడి లేదు.

"ఇట్లే నగుతా ఉండె" అన్నాడాయన, కూతురి వైపు చూడకుండా.

"మళ్లీ పెట్టక్కా" అంది ఆ అమ్మాయి.

రిమోట్ ఆమెకే ఇచ్చేశాను.